కార్డులో తల్లి పేరు

తిరుమలగిరి,
8 ఫిబ్రవరి 1963

గోపక్కకు అజీజా సలాం.

నువ్వు బాగున్నావనుకునే మొదలుపెడుతున్నాను. బాగా లేకపోయినా రాసే రకం కాదు కదా నువ్వు. మహబూబ్‌నగర్‌లో నర్సు ట్రెయినింగప్పుడు రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, నీకు జ్వరం వస్తే నాకు మూడో రోజున తెలిసేది.

నీ అమ్రాబాద్‌కు వచ్చిన కొత్త మందే ఇక్కడికీ వచ్చింది. కోరింత దగ్గు, కంఠసర్పి, ధనుర్వాతం, మూడింటికీ కలిపి ఒకే సూది. మంచుగడ్డల పెట్టెలో పెట్టి జీపులో తెచ్చారు. పట్నం నుంచి వచ్చిన డాక్టరుగారు నా చేతికి అరవై రెండు కార్డులిచ్చి, ఈ మందు వల్ల పిల్లలకు హాని లేదని తేల్చడమే మన పని, అందుకని ఏ జబ్బూ లేని పసిపిల్లలే కావాలి అన్నారు. నెలకొకటి చొప్పున మూడు సూదులు. వేసిన మర్నాడు ఇంటికి పోయి జ్వరం, వాపు, మూర్ఛ వచ్చాయేమో చూసి కార్డులో రాయాలి. మొదటి సూదికి మూర్ఛ వస్తే ఆ పిల్లకు రెండోది వేయకూడదు. నీకూ ఇవే చెప్పి ఉంటారు.

జబ్బుపడ్డ పిల్లకు సూది వేస్తే తల్లి దండం పెడుతుంది అక్కా. ఆడుకుంటున్న పిల్లకు వేస్తానంటే పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసినట్టు చూస్తున్నారు. గొల్లవాడలో వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. కిందటేడు కోరింత దగ్గుకు ఆ ఒక్క వాడలోనే తొమ్మిది మంది పిల్లలు పోయారు. ఆ తొమ్మిది పేర్లూ వాళ్ళ ముందు చదివాను. అప్పుడు అండాలు అనే ఆమె ముందుకొచ్చింది. నలుగురిలో మాట చెల్లే మనిషి. చంకలో నాలుగు నెలల మగపిల్లవాడు, పేరు పెంటయ్య. ఆమె వెనకాలే ఇంకొకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. సూది దిగేటప్పుడు తనకే దిగినట్టు కళ్ళు మూసుకుంది. ఇరుగమ్మ కాబోలు, తల్లికి లేని భయం ఆమెకెందుకో.

నీ కొడుకేనా అని అడిగితే అండాలు నా కొడుకే అంది. తల్లి పేరు అండాలు అని గుండ్రంగా రాశాను. నా దస్తూరిని డాక్టరుగారు మెచ్చుకున్నారు, ఈ మాట నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మర్నాడు వాళ్ళింటికి పోయాను. పిల్లవాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఒళ్ళు చల్లగా ఉంది. తొడ మీద వాపు లేదు, సూది పడ్డ గుర్తు కూడా కనిపించలేదు. బాగున్నాడని రాసుకుని వచ్చాను. నీ దగ్గర ఎట్లా ఉంది? ఎవరికైనా మూర్ఛలాంటిది వచ్చిందా? వివరంగా రాయి.

నీ
అజీజా


అమ్రాబాద్,
19 ఫిబ్రవరి 1963

చెల్లె అజీజాకు,

ఉత్తరం చేరింది. ఇక్కడ మొదటి సూదులు అయిపోయాయి. అంతా మామూలే. రాయడానికేమీ లేదు. డాక్టరుగారు చెప్పినట్టు చెయ్యి, లేనిపోని ఆలోచనలు పెట్టుకోకు. మీ అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు నీ ఉద్యోగం మీదే బతుకుతున్నారని మరచిపోకు. మీ వైపు గొర్రెల మందలు మేతకు అడవికి రావడం మొదలైంది. ఈసారి ఎండలు ముందే ముదిరేట్టున్నాయి.

గోపమ్మ


తిరుమలగిరి,
13 మార్చి 1963

గోపక్కకు సలాం.

పోస్టుకార్డంతా కలిపి గుప్పెడు మాటలు. అందులో ఎండల గురించి ఒకటి. అడవిలో ఉండి ఉండి నీకూ మాటలు కరువయ్యాయి. అయినా నేను మాట్లాడేది నీ కోటా కూడా కలుపుకునే.

పదో తేదీన గొల్లవాడలో రెండో సూదులు వేశాను. ఈసారి పిలవకుండానే వచ్చారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నది నా విషయంలో నిజమైంది. అండాలు పెంటయ్యను తెచ్చింది. మొదటిసారి సూది తర్వాత జ్వరం వచ్చిందా, మూర్ఛ వచ్చిందా అని కార్డులో ఉన్న వరుసలో అడిగాను. ఏమీ రాలేదు, మంచిగున్నడు అంది. ఆ ఇరుగమ్మ ఈసారీ వచ్చింది. పోయినసారి నోరు విప్పని మనిషి, ఇప్పుడు మాత్రం అడిగింది.

"రెండోది ఎయ్యకుంటె ఏమైతది నర్సమ్మా?"

రెండోది వేయకపోతే మొదటిది వృథా, రేపు కోరింత దగ్గు వస్తే ఎవరూ ఆపలేరు అని చెప్పాను. ఆమె అండాలు ముఖం చూసింది. అండాలు నా ముఖం చూసి పిల్లవాణ్ణి ముందుకు జరిపింది. వాడు సూది చూడకముందే ఏడుపు లంకించుకుని ఆ ఇరుగమ్మ వైపు చేతులు చాపాడు. నాకు నవ్వొచ్చింది, పసివాళ్ళకు కూడా సూది వేసేవాళ్ళెవరో, తప్పించేవాళ్ళెవరో తెలుస్తుంది.

మర్నాడు అండాలు ఇంటికి పోయి చూస్తే వాడు బోర్లాపడి ఆడుతున్నాడు. ఈసారీ తొడ మీద గుర్తు లేదు. నా చేయి అంత తేలికన్నమాట. అరవై రెండు కార్డుల్లో మూర్ఛ అన్న గడి ఒక్కటి కూడా నింపలేదు. నీ కార్డులు కూడా ఇట్లాగే శుభ్రంగా ఉన్నాయా? కిందటి ఉత్తరంలో అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను, నువ్వు జవాబు చెప్పలేదు కనుక.

నీ
అజీజా


అమ్రాబాద్,
26 మార్చి 1963

చెల్లె అజీజాకు,

ఈసారి కవరులో రాస్తున్నాను. కార్డయితే నాకంటే ముందు పోస్టుమాస్టరు చదువుతాడు.

మీ గొల్లవాడ మనిషి ఒకడు ఇక్కడ మందతో దిగాడు. పేరు బక్కయ్య. కాలిలో తుమ్మముల్లు విరిగితే కట్టు కట్టించుకోవడానికి దవాఖానకు వచ్చాడు. నేను నర్సునని తెలియగానే ముల్లు సంగతి మరిచిపోయి సూదుల సంగతి ఎత్తుకున్నాడు. "మా వాడకట్టుల అండాలక్క కొడుకుకు సూదులేస్తున్నరమ్మా. గా సూది పడితె ఇంగ దగ్గు రాదట గదా" అన్నాడు. ఆ తర్వాత కాలు మానినా రెండుసార్లు ఆరు మైళ్ళు నడిచి వచ్చాడు, తిరుమలగిరి నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా, ఆ పిల్లగాడు ఎట్లున్నడు అని. పక్కింటి పిల్లవాడి కోసం ఎవరూ అంత దూరం నడవరు. నీకు పిల్లలు లేరా అని అడిగాను. ముగ్గురు పుట్టి పోయారని చెప్పి, ఇప్పుడో అంటే తల దించుకున్నాడు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నేను రాయవలసిన మాట ఒకటుంది. నువ్వు పట్నవాసపు పిల్లవు, నీకు తెలియదు. పిల్లలు నిలవని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే పెంటకుప్ప మీద పడుకోబెడతారు. పిల్లలు నిలిచిన ఇల్లాలు ఒకామె వచ్చి, చాటెడు తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుంటుంది. అందుకే పెంటయ్య అని పేరు. పెంచేది కన్నతల్లే. కానీ పుట్టువెంట్రుకలు తీసేదాకా పరాయివాళ్ళ ముందు నా బిడ్డ అనకూడదు, తండ్రి కూడా అనకూడదు. అంటే బేరం చెడి బిడ్డ దక్కడని భయం.

అండాలు ఆ పిల్లవాణ్ణి కన్నదో కొన్నదో కనుక్కో. ఆమె ఉయ్యాలలో నువ్వు చూసిన పిల్లవాడెవరో కనుక్కో. ఆ ఇరుగమ్మ పేరేమిటో అడుగు. అంతవరకు మూడో సూది వేయకు. ఆలస్యం చేయకు.

గోపమ్మ


తిరుమలగిరి,
3 ఏప్రిల్ 1963

అక్కా,

నీ ఉత్తరం ముప్పై ఒకటిన వచ్చింది. అప్పటికి పెంటయ్య పోయి పద్దెనిమిది రోజులు. నా చేయి తేలిక అని నీకు రాశానే, ఆ రోజే పోయాడు.

ఆ ఇరుగమ్మ పేరు గుర్వమ్మ. బక్కయ్య భార్య. పెంటయ్యను కన్నది ఆమె. అండాలుకు అదే ఈడు కొడుకు ఒకడున్నాడు. వాడికి సూది వద్దని వాళ్ళాయన పోచయ్య పట్టుబడితే ఇంట్లో ఉంచేసింది. నేను రెండుసార్లూ మర్నాడు పోయి చూసింది వాణ్ణి. సూది పడని పిల్లవాడి తొడ మీద సూది గుర్తు లేదని సంతోషపడ్డాను. అరవై మందిని చూస్తున్నాను, ఒంటినిండా కాటుక చుక్కలు, ముఖాలు గుర్తుండవు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ గుర్తు ఎందుకు లేదని ఒక్కసారి అనుకుంటే చాలు కదా. అక్కా, అనుకోలేదు.

అండాలును అడిగాను. ఆమె ఏడుస్తూనే ఉంది. కొన్న పిల్లవాడికి జ్వరమొచ్చిందని కొన్నతల్లి నోటితో అంటే కీడట. నేను పిల్లవాణ్ణి చూపించమన్నాను, ఇంట్లో ఉన్నవాడు తన కొడుకే కనుక చూపించింది. ఎవరినీ మోసం చేశాననుకోలేదు. నేనూ ఆమె మోసం చేసిందనుకోవడం లేదు.

తర్వాత గుర్వమ్మ ఇంటికి పోయాను. నన్ను తిట్టలేదు, కూర్చోమని గోనెపట్టా వేసింది. మొదటి సూది పడిన సాయంత్రమే జ్వరం వచ్చిందట. కండ్లు తేలేసి, కట్టెలెక్క బిగుసుకుపోయాడట. రెండో సూదికి మళ్ళీ అట్లాగే బిగుసుకున్నాడు, మూడు రోజులు పాలు తాగలేదు. నేను పక్కింట్లో అండాలు కొడుకును ఆడిస్తున్నప్పుడు వాడు ఈ గోడకు ఇవతల ఉన్నాడు. మొదటిసారి వచ్చినప్పుడే నాకెందుకు చెప్పలేదని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను.

"నువ్వు తల్లిని అడిగినవ్ నర్సమ్మా. నేను తల్లిని గాదు గద" అంది.

రెండోది వేయకపోతే ఏమవుతుందని ఆమె అడిగింది అందుకే. నేను జవాబు చెప్పాను కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు డాక్టరుగారికి ఉన్నదున్నట్టు రాసి పంపాను.

బక్కయ్యకు ఇంకా కబురు పోలేదు. ఎవరి కొడుకు పోయాడని పంపాలో వీళ్ళకు తెలియలేదట. అక్కా, ఆ పని నువ్వే చెయ్యాలి. ఎట్లా చెబుతావో నాకు తెలియదు. నన్ను అడగకు.

అజీజా


అమ్రాబాద్,
14 ఏప్రిల్ 1963

చెల్లె,

చెప్పాను. నేనే మంద దగ్గరికి నడిచి పోయాను. తోటి గొర్లకాపరులు నలుగురున్నారు. అండాలు కొడుకు పెంటయ్య పోయాడని చెప్పాను, ఆ మాట ఇంకోరకంగా చెప్పే అధికారం నాకు లేదు. బక్కయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండి, అండాలక్కకు మస్తు దుఃఖమై ఉంటది అన్నాడు. అని గొర్రెల్లోకి పోయాడు.

మర్నాడు ఒక్కడే దవాఖానకు వచ్చాడు. లోపలికి రాలేదు. గడప అవతల నుంచే అడిగాడు.

"ఇప్పుడన్న నా కొడుకనొచ్చునా అమ్మా?"

అనవచ్చు అన్నాను. కానీ అనలేదు. మంద దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా సంగతి. ఫిబ్రవరి మొదటివారంలో, నువ్వు నాకు మొదటి ఉత్తరం రాయకముందే, ఇక్కడ ఎల్లేశం అనే చెంచు మనిషి ఆర్నెల్ల బిడ్డకు సూది పడిన సాయంత్రం మూర్ఛ వచ్చింది. నా ఒళ్ళోనే వచ్చింది. మూర్ఛ అన్న గడిలోనే రాశాను. డాక్టరుగారు వచ్చి చూసి, అడవి ప్రాంతంలో చలిజ్వరాలకు ఇట్లాంటివి మామూలే, ఇది మందు వల్ల అని ఎట్లా చెప్పగలం, జ్వరం అని రాయండి అన్నారు. కొట్టేసి జ్వరం అని రాశాను. వాళ్ళు బిడ్డను తీసుకుని అడవిలోకి పోయారు, ఆ బిడ్డ ఉందో పోయిందో నాకు తెలియదు. ఆ తర్వాత నువ్వు అడిగావు, ఎవరికైనా మూర్ఛ వచ్చిందా అని. అంతా మామూలే అని రాశాను. పెంటయ్య అన్న పేరు దగ్గర నా కన్ను ఆగింది, దాన్నీ దాటి పోయాను. మీ అమ్మ, తమ్ముళ్ళు అని రాసింది సాకు. నీకు తెలిస్తే నువ్వు ఊరుకోవు, నువ్వు ఊరుకోకపోతే నన్ను పిలిచి అడుగుతారు. నా భయం అది.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. నీది పిడికెడే అజీజా. తక్కినదంతా నాది.

గోపమ్మ


తిరుమలగిరి,
22 మే 1963

గోపమ్మ గారికి,

మీ ఉత్తరానికి నెల పైన జవాబు రాయలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నా ముందుకు మీ ఫిబ్రవరి కార్డే వచ్చింది. అందులో ఎండల గురించి రాయడానికి చోటుంది.

డాక్టరుగారు విచారణకు వచ్చారు. చెడ్డమనిషి కాదు. నన్ను ఎండలో నడిపించానని నొచ్చుకుని, ముందు నన్నే కూర్చోమన్నారు. నేరుగా అండాలు ఇంటికి పోయారు. ఆమె కొడుకు ఆయన కళ్ళజోడు పట్టుకుని లాగాడు. కార్డు తీసి చూపించారు. ఈ కార్డులో తల్లి అండాలు, అండాలు కొడుకు ఇదిగో నవ్వుతున్నాడు, పోయిన పిల్లవాడు మన పరీక్షలోనే లేడు అన్నారు. సూది పడింది పోయిన పిల్లవాడికేనని చెప్పాను. అప్పుడు మర్నాటి పరీక్షల గడులు చూపించి, రెండుసార్లూ బాగున్నాడని రాసిన ఈ చేతిరాత ఎవరిది అని అడిగారు. నాదే అన్నాను. అంత గుండ్రటి రాత ఇంకెవరిదని చెప్పను?

మందు వల్లే పోయాడని నేనూ ఒట్టేసి చెప్పలేను, వేరే జ్వరమేదైనా కావచ్చు అన్నాను. తెలియదు అనైనా రాయండి అని బతిమాలాను. కార్డులో తెలియదు అనే గడి లేదన్నారు. మూడో సూది దగ్గర 'రాలేదు' అని రాసి కార్డు సంచిలో పెట్టుకున్నారు.

నేను పైవాళ్ళకు అర్జీ రాస్తున్నాను. గుర్వమ్మ పుట్టింటికి పోయింది, రాగానే వేలిముద్ర తీసుకుంటాను. ఒక్కదాని మాట నిలవదు. మీరు కొట్టేసిన ఆ గడి గురించి నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టి పంపండి. ఎల్లేశం బిడ్డ, గుర్వమ్మ బిడ్డ, రెండూ పక్కపక్కన ఉంటే వాళ్ళు చదవక తప్పదు. మిమ్మల్ని ఇంకేమీ అడగను.

అజీజా బేగం


అమ్రాబాద్,
2 జూన్ 1963

అజీజాకు,

నేను రాయలేను. కార్డులు పట్నం పోయాయి. కొట్టేసిన చోట ఉన్నది నా సంతకమే. ఈ ఉద్యోగం పోతే అన్నగారింట్లో అన్నం కోసం నిలబడాలి, భర్త పోయిన ఏడు ఒకసారి నిలబడ్డాను. బక్కయ్య మంద తోలుకుని పోయాడు. పోతూ చెప్పలేదు. చెప్పవలసిన పనీ లేదు.

గోపమ్మ


తిరుమలగిరి,
11 నవంబరు 1963

గోపక్కా,

మళ్ళీ అక్కా అంటున్నాను. కోపం పోయి కాదు. ఈ ఊళ్ళో ఈ సంగతి మాట్లాడడానికి నాకు ఇంకెవరూ లేరు.

నీకూ కాగితం వచ్చి ఉంటుంది. మందు నిరపాయమని తేలింది. అరవై ఇద్దరిలో ఒక్కరికీ మూర్ఛ రాలేదు, ఒక్కరికీ ప్రాణహాని లేదు అని తిరుమలగిరి గురించి అచ్చులో రాశారు. అవన్నీ నా కార్డుల్లోంచి తీసినవే. ఇకమీదట పసిపిల్లలందరికీ వేయమని పెట్టెలు పంపారు.

అర్జీ అప్పుడే రాసి ఉంచాను. నీ సంతకం లేకపోయినా గుర్వమ్మ వేలిముద్రతో పంపుదామనుకున్నాను. ఆమె వానాకాలమంతా బక్కయ్యతో పుట్టింట్లోనే ఉండి కిందటివారం వచ్చింది. ఐదో నెల కడుపుతో ఉంది. బక్కయ్య మళ్ళీ మంద వెంట పోయాడు. అర్జీ అంతా చదివి వినిపించాను. ఆమె వంచిన తల ఎత్తకుండా విని, పెద్ద డాక్టరు పుస్తకంలో తన కొడుకు పోయాడని ఉందా అని అడిగింది. లేదు, బతికే ఉన్నాడని ఉంది, అది తప్పని చెప్పడానికే ఈ కాగితం, ఇక్కడ వేలు పెట్టు అన్నాను. సిరా అద్దిన గుడ్డ ఆమె ముందు పెట్టాను. వేలు ముందుకు రాలేదు.

"గా పుస్తకంలనన్న బతకనీ నర్సమ్మా. నువ్వెందుకు సంపుతవ్" అంది.

నేను వాడి చావును నిలబెట్టాలని ఆర్నెల్లు తిరిగాను. ఆమె దృష్టిలో అది రెండోసారి చంపడం. కాగితం మడిచాను.

లేచేముందు నేను అడగకూడని మాట అడిగాను. పుట్టబోయే బిడ్డను కూడా అండాలుకే అమ్ముతావా అన్నాను. ఎవరికీ అమ్మను, నా తాననే ఉంటది అంది. అయితే ఈసారి సూదికి నువ్వే తీసుకురా, కార్డులో నీ పేరే రాస్తాను, మర్నాడు నీ గడపకే వస్తాను, కొంచెం జ్వరం కనిపించినా రెండోది వేయను అని చెప్పాను. రాను అంది. కోరింత దగ్గు వస్తే ఏం చేస్తావు అన్నాను. అది బెదిరించినట్టే ఉందని అన్న తర్వాత తెలిసింది.

గుర్వమ్మ నా వైపు చూసింది, ఇన్ని నెలల్లో మొదటిసారి.

"వస్తె పోతడు. గప్పుడు నా కొడుకుగనే పోతడు" అంది.

కోరింత దగ్గు గురించి నేను ఆ వాడలో చెప్పినదంతా అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఆమెను ఒప్పించే మాట నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. రేపు పొద్దున గొల్లవాడలోనే మొదటి సూదులు.

అజీజా